పందొమ్మిదిన్నర అంగుళాలు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి రోవీనా గ్రేబిల్ నేల మీద అట్టముక్క పరుచుకుని, ఆ పాత వ్యాన్ కిందికి వెల్లకిలా దూరింది. రేపు ఉదయం తొమ్మిదింటికి వెండెల్ నస్‌బామ్ అనే డెబ్భై ఒక్క ఏళ్ళ ముసలాయన కోర్టులో నిలబడి, ఒక అమ్మాయి చావుకి తానే కారణమని ఒప్పుకోబోతున్నాడు. ఆయన మాట విని తలూపేయడానికి జడ్జీ, లాయర్లు, పోలీసులు అందరూ సిద్ధంగా ఉన్నారు. సిద్ధంగా లేనిది రోవీనా ఒక్కతే. ఆమె చేతిలో ఇరవై గంటలు కూడా లేవు.

"వ్యాన్ కొనేవాళ్ళు ముందు సీట్లు చూస్తారు, తర్వాత పాటలు వస్తాయా అని అడుగుతారు. కిందికి దూరిన మనిషివి నువ్వేనమ్మా," అన్నాడు పక్కన నిలబడ్డ లైల్ బోంట్రేగర్. వ్యాన్ అమ్ముతున్నది అతనే. కింది నుంచి చూస్తే ఆమెకి అతని బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. ఒక బూటుకి లేసు కట్టలేదు.

"ఇరవై నాలుగు అడుగుల ట్రైలర్ లాగాలండీ. మెత్తటి సీట్లు లాగుతాయా దాన్ని?" అంది రోవీనా.

బూట్లు కదల్లేదు. అబద్ధం చెప్పినందుకు ఆమెకి లోపల తల కొట్టేసినట్టయింది. ఆమె దగ్గర ట్రైలర్ లేదు. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీకి ప్రమాదాలు పరిశీలించి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆమె. కొనడానికి వచ్చానని చెప్పి మోసగిస్తున్నది ఎవరినో కాదు, ఆ చచ్చిపోయిన అమ్మాయి తండ్రిని.

అక్టోబర్ పద్నాలుగు, శనివారం, ఉదయం పది నలభై ఏడు. మిల్లు వంతెన దాటాక రోడ్డు వంపు తిరిగి దిగే చోట వెండెల్ వ్యాన్ వెనక ఉన్న ట్రైలర్ ఊడిపోయింది. అది అవతలి వరసలోకి దూకి, ఎదురుగా వస్తున్న చిన్న కారుని నుజ్జు చేసింది. కారులో ఉన్న డార్సీ బోంట్రేగర్‌కి ఇరవై నాలుగేళ్ళు. అంబులెన్స్ వచ్చేసరికే పోయింది.

షెరీఫ్ ఆఫీసు రిపోర్టు తేల్చింది రెండు ముక్కల్లో. వ్యాన్ వెనక ఉండే ఇనుప బంతి మీద ట్రైలర్ ముక్కుకున్న గిన్నె బోర్లించి గొళ్ళెం వేస్తారు. ఆ ట్రైలర్‌కి రెండూ పావు పైచిలుకు అంగుళాల బంతి కావాలి. ముసలాయన రెండంగుళాల బంతి పెట్టాడు. కంటికి తేడా తెలియదు. గిన్నె కూర్చుంటుంది, గొళ్ళెమూ పడుతుంది, ఒక గతుకు తగలగానే ఎగిరి ఊడుతుంది. ఇక రెండోది, అలా ఊడితే ఆపడానికి ఉండే గొలుసులు అసలు తగిలించనే లేదు.

వెండెల్ ఎదురు చెప్పలేదు. "నేనే మర్చిపోయుంటాను," అన్నాడు. వ్యాన్‌ని డార్సీ తండ్రి పేర రాసిచ్చి, ఇంట్లో తలుపేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి ఫ్యాక్టరీలో ఇలాంటి వ్యాన్లకి ట్రైలర్ తగిలించే ఇలాంటి హిచ్‌లే బిగించిన మనిషి! ఆయన కూతురు ఈడీ తొమ్మిది రోజుల క్రితం రోవీనా దగ్గరికొచ్చి, "మా నాన్న పొయ్యి ఆర్పాడో లేదో చూడ్డానికి వీధి చివర్నుంచి వెనక్కొచ్చే మనిషండీ. ఆయన మర్చిపోవడమేంటి?" అని ఏడ్చింది.

రోవీనా టార్చి వెలుగు చట్రం పొడుగునా నడిపించింది. తుప్పు పైపైనే ఉంది. గేర్ల పెట్టె కింద తడి లేదు. బ్రేకు గొట్టాలు కొత్తవి. ఇంజన్ మూత తీసినప్పుడు గేర్ల నూనె చూసింది, మాడు వాసన లేకుండా ఎర్రగా శుభ్రంగా ఉంది. ఇరవై ఏడేళ్ళ బండిని పసిపిల్లలా చూసుకున్నారు.

పాక్కుంటూ తోక వైపు జరిగింది. బంపర్ కింద ఉన్న చతురస్రపు గొట్టంలో, బంతిని మోసే కడ్డీ ఇంకా అలాగే ఉంది. గొట్టానికి రెండు వైపులా గొలుసు కొక్కేలు తగిలించే కంతలు. ఆమె టార్చి దగ్గరికి పెట్టింది. రెండు కంతల అంచులూ వెనక వైపుకి సాగి ఉన్నాయి. లోపల ఇనుము గీరుకుపోయి, ఆ గీత మీద ఆరు వారాల పలచటి తుప్పు మాత్రమే పట్టింది.

గొలుసులు తగిలించారు. తగిలించడమే కాదు, ఆ గొలుసులు ఒక్క క్షణం ట్రైలర్ బరువంతా పట్టుకుని గుంజాయి. మరి ప్రమాదం తర్వాత వ్యాన్‌కి ఒక్క గొలుసు ముక్క కూడా వేలాడలేదని రిపోర్టులో ఎలా ఉంది?

బయటికొచ్చి మోకాళ్ళ మీది మట్టి దులుపుకుంది. "ఈ బంతీ కడ్డీ వ్యాన్‌తోటే వచ్చినవేనా?"

"వచ్చినవే." లైల్ వ్యాన్ తోకకి వీపు పెట్టి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి. కోటు మాత్రం వేరే ఎవరిదో తొడుక్కున్నట్టు వదులుగా ఉంది. "కావాలంటే తీసి పారేసి కొత్తది పెట్టుకో."

"మీరు దీంతో ఎప్పుడైనా ఏదైనా లాగారా?"

"లేదు."

"మరి ప్రకటనలో బాగా లాగుతుందని రాశారు?"

లైల్ ఆమె ముఖం వైపు మొదటిసారి చూశాడు. "బండి మంచిదేనమ్మా. బండి తప్పేం లేదు," అన్నాడు మెల్లిగా. "లోపల చూసుకో. షెడ్డులో పనుంది." వెళ్ళిపోయాడు.

లోపల వెండెల్ జీవితం ఇంకా ఖాళీ కాలేదు. వెనక సోఫా పరుపుగా వాల్చే ఉంది. కిటికీ తెరలకి చనిపోయిన భార్య కుట్టిన కుచ్చులు. చెక్క అరలో రెండు కప్పులు, ఒకటి బోర్లించి. భర్తతో కలిసి ఇలాంటి వ్యాన్‌లోనే పదకొండు వేసవులు తిరిగిన రోవీనా ఆ కప్పుని తిప్పి నిలబెట్టింది. తర్వాత ముక్కు చీదుకుని, డ్రైవర్ నెత్తిన ఉండే, ఎండ ఆపే మూత కిందికి దించింది.

ప్లాస్టిక్ అంటించిన ఒక కార్డు దానికి బిగించి ఉంది. గుండ్రటి చేతిరాత. బంతి. గొళ్ళెం. చీల. గొలుసులు. బ్రేకు తీగ. దీపాలు. చివర, మళ్ళీ ఒకసారి చుట్టూ తిరుగు. పక్కన ప్రతి ప్రయాణానికీ తేదీ, ఏడు టిక్కులు. ఆఖరి వరస అక్టోబర్ 14. ఏడూ ఉన్నాయి. అడుగున చిన్నగా రాసుకున్నాడు: నేల నుంచి బంతి ఎత్తు, ఖాళీ వ్యాన్‌కి, 19½.

కార్డు తిప్పింది. వెనక పెన్సిల్‌తో ఒకే వాక్యం. "అక్టోబర్ 12. లైల్ కొత్త గిన్నె అతికించి ఇచ్చాడు, డబ్బు వద్దన్నాడు, దేవుడు చల్లగా చూడాలి."

రోవీనా ఆ వాక్యం మూడుసార్లు చదివింది. రిపోర్టులో ఈ మాట ఎక్కడా లేదు. కార్డు జేబులో పెట్టుకుంది.

బయట కారు తలుపు ధడాలున పడింది.

"గ్రేబిల్! నిజంగా నువ్వేనా, లేక నా ఖర్మా?" షెరీఫ్ ఆఫీసు డిటెక్టివ్ డ్వేన్ పల్వర్ కంకర మీద టకటకా వచ్చాడు. కేసు మూసింది అతనే. బీమా రోజుల్నుంచీ వీళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. "కూతుర్ని పోగొట్టుకున్న మనిషి దగ్గరికి బేరం వంకతో వస్తావా? సిగ్గుండాలి."

"ఉంది. అందుకే తొందరగా తేల్చుకుని పోదామని. నీకెవరు చెప్పారు?"

"నీ కారు రోడ్డు మీదే కనబడుతోంది. ఊళ్ళో అలాంటి డొక్కు ఇంకొకటి లేదు."

"సరే వచ్చావుగా, ఒక్క ముక్క చెప్పు. ఆ రోజు వ్యాన్ వెనక భాగం నువ్వు మొదట చూసింది ఎప్పుడు?"

"రిపోర్టు చదువుకో."

"చదివాను. పదకొండున్నర. పాడైన బళ్ళు ఎత్తుకెళ్ళే లైల్ లాగుడు ట్రక్కు వచ్చింది పదకొండూ నాలుగుకి, రేడియో చిట్టాలో ఉంది. మధ్యలో ఇరవై ఆరు నిమిషాలు. అప్పుడు నీ కానిస్టేబుల్ ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటాడు? ఆ పిల్ల కారు దగ్గర. ముసలాయన రోడ్డు పక్క పడిపోతే ఆయన దగ్గర." పల్వర్ గొంతు తగ్గింది. "ట్రక్కు కావాలని పిలిచినప్పుడు ఎవరి కారో మాకు తెలీదు, గ్రేబిల్. లైల్ వచ్చి చూశాడు. తర్వాత ఆ కారుని వేరేవాళ్ళ ట్రక్కు ఎక్కనివ్వనన్నాడు. అన్నీ తన చేత్తోనే ఎత్తుకుంటానన్నాడు. నేను ఆపలేదు. నువ్వైతే ఆపేదానివా?"

"ఆపేదాన్ని కాదు. నువ్వూ నేనూ ఈ ఊరూ, ఎవరైనా అదే చేసేవాళ్ళం. పక్కకి తిరిగి నిలబడేవాళ్ళం."

"అయితే ఇంకేంటి నీ గోల? ముసలాయన తప్పు ఒప్పుకున్నాడు."

"ఆ కంతలు చూడు. గొలుసులు గుంజిన గాట్లు."

పల్వర్ వంగి చూశాడు. "ఇరవై ఏళ్ళుగా లాగుతున్నాడు. ఎప్పటివో."

రోవీనా జేబులోంచి కార్డు తీసి చూపించింది. "ఆ రోజు ఏడు టిక్కులూ పెట్టుకున్నాడు."

"సీట్లో కూర్చుని పెట్టుకుని ఉంటాడు. నేనూ మా ఇంట్లో పొగ అలారం చూశానని మా ఆవిడకి అలాగే చెప్తాను."

రోవీనా నడుముకున్న టేపు తీసి అతని చేతిలో పెట్టింది. "నా మాట నమ్మొద్దు. నువ్వే కొలిచి చూడు. నేల నుంచి బంతి నెత్తికి."

పల్వర్ విసుక్కుంటూ మోకాలు ఆనించాడు. "పదహారు."

"వెండెల్ రాసుకున్నది పందొమ్మిదిన్నర. అదే వ్యాన్, అవే చక్రాలు, గాలి ఇప్పుడే చూశాను, నిండుగా ఉంది."

"బరువుకి కుంగి..."

"ఖాళీ వ్యాన్‌కి రాసుకున్నాడు. ఇప్పుడూ ఖాళీయే. ముప్ఫై ఏళ్ళు ఈ పనే చేసినవాడు మూడున్నర అంగుళాలు పొరబడతాడా? ఇంకా చూడు. ఆరువందల పౌన్ల ముక్కు మోసిన బంతికి నెత్తిన గీతలుండవా? గ్రీజు మరక ఉండదా? దీని మీద ఏ గిన్నే ఎప్పుడూ కూర్చోలేదు, డ్వేన్. ఇది కొత్త పెళ్ళికూతురిలా ఉంది."

పల్వర్ బంతి మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. వేలు శుభ్రంగానే వచ్చింది. అతను టేపు మళ్ళీ పెట్టి, మళ్ళీ చూశాడు. పదహారే.

"కడ్డీ మారింది," అన్నాడు చివరికి, నీళ్ళు నమిలినట్టుగా.

"మారింది. నువ్వు పదకొండున్నరకి ఫోటో తీసింది మారిన కడ్డీని."

"ఆ ట్రైలర్ ముక్కు దొరకనే లేదు. ముందు భాగమంతా చెక్కలు చెక్కలైంది కదా, కాలవలో పడిందనుకున్నాం..." పల్వర్ టేపు ఆమెకి తిరిగిచ్చేశాడు. "కారులో ఫోటోలున్నాయి. పోల్చి చూస్తా. ఎక్కడికీ పోకు."

అతను వెళ్ళాక రోవీనా కడ్డీ ముందు చతికిలబడింది. గొట్టం అంచు దగ్గర మసి మందంగా పట్టి ఉంది. గోరుతో గీకింది. కింద పసుపు రంగు పట్టీ బయటపడింది.

తలెత్తి ఆవరణ చూసింది. జాకీకి పసుపు పట్టీ. గోడకి ఆనించిన గడ్డపారలకి పసుపు పట్టీ. లాగుడు ట్రక్కు కొక్కేనికీ పసుపు పట్టీయే. తన పనిముట్టు తనదని తెలియడానికి లైల్ అన్నిటికీ వేసుకున్న గుర్తు. కేసు తేలిపోయినప్పుడు మామూలుగా ఆమెకి ఒళ్ళు తేలికవుతుంది. ఇప్పుడు మాత్రం అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. లేచి షెడ్డులోకి నడిచింది.

లైల్ బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఏ పనీ చేయడం లేదు.

"అతను నిన్ను పేరు పెట్టి పిలిచాడు. విన్నాను," అన్నాడు. "అంతకుముందే అనుకున్నాలే. హిచ్ దగ్గర అంతసేపు ఎవరుంటారు?"

"వ్యాన్‌కున్న కడ్డీ మీ షెడ్డుదే. గిన్నె అతికించిందీ మీరే. అతుకు ఊడింది. గిన్నె, గొలుసులు వ్యాన్‌కే వేలాడుతుంటే మీరు తీసేసి, మీ ట్రక్కులోంచి చిన్న బంతిది పెట్టారు. మీ అమ్మాయి ఇంకా కారులో ఉండగా." రోవీనా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "తప్పు కప్పిపుచ్చుకోవడానికి అంత పని చేయగలిగే మనిషిలా లేరు మీరు. ఎందుకు, లైల్?"

అతను లేచి మూలనున్న ఇనుప బీరువా తాళం తీశాడు. గోనెపట్టాలో చుట్టినది రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టి విప్పాడు.

వెండెల్ కడ్డీ, దాని మీది పెద్ద బంతికి ఇంకా గొళ్ళెం పడి ఉన్న గిన్నె. పక్కనే రెండు గొలుసులు, వాటిని పట్టుకోవాల్సిన ఇనుప రేకుతో సహా. నల్ల రంగు నిగనిగలాడుతోంది. రోవీనా తిప్పి అంచు చూసింది. పొడుగునా పారాల్సిన వెల్డింగు లేదు. గిన్నెని స్థానంలో నిలబెట్టడానికి మొదట పెట్టే చుక్కలు, అటు రెండు, ఇటు రెండు. రేకుకి ఇంకో రెండు. వాటి మీద మందంగా రంగు. పైన తెల్ల పెన్నుతో, వంకర అక్షరాల్లో: "రెడీ! డార్సీ." పక్కన ఒక నవ్వు ముఖం.

"రంగులేసే పని దానిది," అన్నాడు లైల్. "నేను చుక్కలు పెట్టాను. ఇంతలో ట్రక్కుకి పిలుపొచ్చింది. వచ్చి పూర్తి చేద్దామనుకున్నా. అది చూసుకోకుండా రంగేసింది. సాయంత్రం వెండెల్ వస్తే తీసుకెళ్ళమంది. నేను తిరిగొచ్చేసరికి ట్రైలర్ లేదు. మరుసటి రోజు ఫోన్ చేద్దామనుకున్నా. శుక్రవారం అంతా పని. శనివారం..." అతను గిన్నె మీది అక్షరాల దగ్గర వేలు పెట్టాడు, తాకలేదు. "అక్కడ కారు చూశాను. తర్వాత వ్యాన్ వెనక దాని చేతిరాత చూశాను. నా కూతురు తన తప్పుకి తనే చచ్చిందని ఈ ఊరు జీవితాంతం చెప్పుకుంటుందా? ఒక్కసారి చెప్పు, ఏం చేయను?"

"అందుకని వెండెల్‌ని బలిపెట్టావు."

"ఎదురు చెప్తాడనుకున్నా. కొట్లాడతాడనుకున్నా. ఒప్పేసుకున్నాడు! వ్యాన్ తెచ్చి నా చేతిలో తాళాలు పెట్టి కాళ్ళ మీద పడబోయాడు." లైల్ బల్ల మీది, రంగు కరిగించే థిన్నర్ సీసా అందుకున్నాడు. "నేను కోర్టుకి వస్తాను. అన్నీ నావే అంటాను. ఈ పేరు ఒక్కటి తుడవనీ, అమ్మా. ఒక్కటి."

రోవీనా సీసా మీద చేయి వేసి పట్టుకుంది. ఆమె చూపు గోడ మీదికి పోయింది. అక్కడ మేకుకి ఎర్ర గుడ్డల కట్ట వేలాడుతోంది. వాటి కింద, సగం విప్పిన జాకీకి ఒకటి, పగిలిన ఇరుసుకి ఒకటి కట్టి ఉన్నాయి.

"ఆ గుడ్డలెందుకు?"

"పని పూర్తికాని దానికి కట్టాలి. ఎవరూ ముట్టుకోకూడదని. పదహారేళ్ళప్పుడు షెడ్డులోకి వచ్చిన రోజే దానికి నేర్పాను. గుడ్డ ఉంటే ముట్టుకోకు, లేకపోతే..." లైల్ ఆగిపోయాడు.

"లేకపోతే?"

"లేకపోతే రంగేసెయ్."

"గిన్నెకి గుడ్డ కట్టావా?"

లైల్ గోడ మీది గుడ్డల కట్ట వైపు చూశాడు. "ట్రక్కుకి పిలుపొచ్చింది. ఐదు నిమిషాల్లో వస్తాననుకున్నా."

"ఆమె చూసుకోకుండా వేయలేదు, లైల్," అంది రోవీనా. ఆ మాట అనడం కంటే అతన్ని కొట్టడం తేలికనిపించింది. "చూసింది. గుడ్డ లేదు. నువ్వు చెప్పిందే చేసింది. ఈ పేరు తుడిస్తే ఆమె తప్పు చేయలేదనడానికి సాక్ష్యం కూడా పోతుంది."

లైల్ సీసా వదిలేశాడు. అతను ఆరు వారాలుగా కూతురి తప్పుని కాపాడుతున్నాననుకున్నాడు. ఆ తప్పు ఎవరిదో ఇప్పుడు అతనికి తెలిసొచ్చింది. స్టూలు పట్టుకుని నేల మీదికి జారిపోయాడు.

గుమ్మం దగ్గర పల్వర్ ఫోటోల కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో.

రోవీనా ఫోన్ తీసి ఈడీకి కలిపింది. "నాన్నకివ్వు," అంది. ముసలి ఊపిరి వినబడగానే, "వెండెల్ గారూ, మీ గొలుసులు తగిలించే ఉన్నాయి. బంతి సరైనదే. ఏడు టిక్కులూ నిజమే. మీరు ఏదీ మర్చిపోలేదు," అంది.

"మరి ఎవరు?" అన్నాడు వెండెల్.

కింద కూర్చున్న లైల్ చేయి చాపాడు. ఆమె ఫోన్ ఆ చేతిలో పెట్టింది.

"వెండెల్, నేను లైల్‌ని," అన్నాడు అతను. "చుక్కలే పెట్టాను. గుడ్డ కట్టడం మర్చిపోయాను. బంతి మార్చింది కూడా నేనే. నీ తప్పు లేదు. డార్సీ తప్పూ లేదు. నాది."

అవతల ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. ఈడీ ఏదో అడిగింది, ఆయన ఆమెకి ఏదో చెప్పాడు, మాటలు అందలేదు. తిట్టు కోసమో శాపం కోసమో లైల్ కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు.

"నువ్వు ఒక్కడివే ఉన్నావా అక్కడ?" అన్నాడు వెండెల్. "ఎక్కడికీ పోకు, లైల్. ఏ పిచ్చి పనీ చేయకు. ఈడీ కారు తీస్తోంది, నేను వస్తున్నాను."